యాదవ్వ నేసిన నరకపు చీమ

కొత్తవాడలో యాదవ్వ ఇల్లు ఏదని అడిగితే, మంచంకోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టుకునే ఇల్లని చెప్పేవాళ్లు. ఎనిమిది నెలలుగా అదే గుర్తు. నాలుగు కోళ్లకు నాలుగు సత్తు గిన్నెలు, వాటి నిండా నీళ్లు. పొద్దున లేవగానే కాలు కింద పెట్టకముందే ఆ గిన్నెల్లోకి తొంగి చూసేది. చచ్చి తేలిన చీమ ఒక్కటి కనబడినా ఆ పూట చాయ్ కూడా గొంతు దిగేది కాదు. చీమ మంచమెక్కబోయిందని ఒక భయం. అది తన గిన్నెలో పడి చచ్చిందని ఇంకో భయం. రెండింటికీ ఒకటే కారణం ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు.

యాదవ్వది పరకాల దగ్గరి పల్లె. రెండో తరగతిలో బడి మానింది. పదహారేళ్లకు వెంకటరాజాన్ని చేసుకుని కొత్తవాడకు వచ్చింది. ఇంటి ముందుగదిలో జంపఖానాలు నేసే గుంటమగ్గం ఉంది. మగ్గం నేతగాళ్ల సొసైటీది, చెయ్యి వీళ్లది. నేలలో ఎవరి దిక్కు వాళ్లకు తవ్విన గుంటలోకి కాళ్లు దించి, పలక మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేయాలి. ఎడమదిక్కు వెంకటరాజం, కుడిదిక్కు యాదవ్వ. అడ్డంగా వేసే పేక నూలును బిగగొట్టే ఇనుప దువ్వెనను పంజా అంటారు. రెండు పంజాలూ ఒక్కసారి పడితేనే గీత వంకర పోదు. ముప్పై ఒక్క ఏళ్లు అవి ఒక్కసారే పడ్డాయి. పిల్లలు నిలవలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే, మాకు మగ్గమే కొడుకు, ఇల్లు కదలడు, కొత్త చెప్పులడగడు అని వెంకటరాజం నవ్వేవాడు.

మొన్న మాఘమాసంలో మేడారం జాతర వచ్చింది. వాడకట్టు ఆడవాళ్లంతా బయలుదేరుతుంటే యాదవ్వా బయలుదేరింది. మగ్గం మీద జంపఖానా సగంలో ఉంది, నువ్వు పోయి రా, నీ వంతు కూడా నేనే జరుగుకుంటూ నేస్తానని ఆయన ఉండిపోయాడు. ఆమె అమ్మవార్ల గద్దెల దగ్గర ఆయన పేరు మీద బెల్లం పెట్టి మొక్కింది. జాతరలో బెల్లాన్ని బంగారమే అంటారు. అందులో కొంత ప్రసాదంగా తెచ్చి ఇరుగుపొరుగుకు పంచాలి. ఆ ముల్లె ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంటే, తాడ్వాయి అడవిలో బండ్లన్నీ నిలిచిపోయాయి. ఒక రాత్రి, ఒక పొద్దు కదల్లేదు. ఫోన్లు కలవలేదు.

ఆమె వచ్చేసరికి వాకిట్లో జనం. వెంకటరాజం ముందురోజు సాయంత్రమే మగ్గం ఎడమదిక్కు గుంటలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడట. తెల్లవారాక చూశారట. చేతిలో పేక ఉండ అట్లాగే ఉంది. గుండె ఆగిందన్నారు. యాదవ్వ ముఖం మీది గుడ్డ తీసి చూసింది. కుడికంటి మూలలో ఒక చీమ ఉంది. ఒకటే. నల్లది. అది నీళ్లు తాగుతున్నట్టు తల వంచి నిలబడింది. ఆమె వేలితో తీయబోతే రెప్ప కిందికి పోయింది.

మూడో రోజు పిట్టకు పెట్టారు. ఆయనకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, వాకిలవతల ఉంచి దూరం జరిగారు. పిట్ట వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని అర్థం. పొద్దు నడినెత్తికి వచ్చినా కాకి వాలలేదు. ఏం మిగిలింది రాజం, యాదవ్వను మేం చూసుకుంటాం లే అని పెద్దలు ఒక్కొక్కరే మొక్కారు. వాలలేదు. చివరికి ఆవును పిలిచి పెడదామని యాదవ్వ విస్తరి దగ్గరికి పోయి చూస్తే, అన్నం మీద నల్లని వరుస. ఎవరూ చూడకముందే విస్తరి మడిచేసింది. ఆ వరుస ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం కళ్లతో వెతికింది. గడప దాటి, గది గోడ వెంట పోయి, మగ్గం ఎడమ గుంటలోకి దిగింది.

ఆ రోజునుంచి ఆమెకు ఒకటే అనుమానం. ఆయన పిట్టయి రాలేదు. చీమై వచ్చాడు. జాతరకు పోయి తనను ఒక్కడిని చేసి చంపిందన్న కోపంతో ఆ గుంటలో ఉన్నాడు. మందు చల్లితే మొగుణ్ని రెండోసారి చంపినట్టు. చల్లకపోతే ఆ వరుస ఏదో ఒక పొద్దు తన కంటిదాకా వస్తుంది. అందుకే గిన్నెలు. ప్రసాదం బెల్లాన్ని డబ్బాలో వేసి మూత బిగించి అటకెక్కించింది. ఎవరికీ పంచలేదు.

నేత మాత్రం మానలేదు. కుడిదిక్కు కూర్చుని, పలక మీద నడిమిదాకా జరిగి, అక్కడినుంచి ఎడమకు ఒంగి చేతులు చాపి నేసేది. ఎడమ గుంటలో కాలు పెట్టలేదు, ఎవరినీ పెట్టనివ్వలేదు. ఇద్దరు పది రోజుల్లో దించే జంపఖానా ఒక్కదానికి నెల పట్టేది. సొసైటీ పెద్ద సదానందం, వరసకు మరిది, మంచి మనిషి. అయినా ఆయనకూ పైనుంచి అడిగేవాళ్లున్నారు. ఇద్దరి మగ్గాన్ని ఒక్కరికి ఎన్నాళ్లు ఉంచుతావని నేసేవాళ్లే అడుగుతున్నారు. వానాకాలం నడుమ వచ్చి, ఈసారి పని గడువులో దించకపోతే మగ్గం విప్పి వేరే జంటకు ఇవ్వాల్సి వస్తుందని, ఆమె ముఖం చూడకుండా చెప్పిపోయాడు. జతకు వినోదను పెట్టాడు. వెనుక గల్లీ పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి, ఇదివరకు ఇదే గదిలో గోడవార చిన్న మగ్గం నేసేది. నోరు ఊరుకోదు గానీ చెయ్యి మంచిది.

ఆ పనే చీమ పని.

హైదరాబాదులో పిల్లలకోసం కడుతున్న ఒక సైన్సు భవనం గోడలకు జంపఖానాలు కావాలన్నారు. భూమ్మీద ఇప్పుడు లేని జీవాల బొమ్మలు నాలుగు. ఎవరికి ఏది అన్న పేచీ రాకుండా సొసైటీలో ఎప్పుడూ చీటీలు తీస్తారు. యాదవ్వ తీసిన చీటీని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. నరకపు చీమ అని ఉంది. ఇన్ని నెలలుగా ఎవరికీ చెప్పనిది, పేరుతో సహా కాగితం మీద రాసి ఎవరో పంపినట్టుంది. మార్చుకుంటానని సదానందాన్ని మెల్లగా అడిగింది.

"చీటీ తీసినంక తీసినట్టే వదినె. నీకొక్కదానికి మారిస్తే రేపు అందరు మార్సుమంటరు."

బొమ్మతోపాటు హనుమకొండ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే విజయశ్రీ మేడం కూడా వచ్చింది. రంగులు సరిగ్గా తెలియాలని ఫోన్లో ఫొటో పెద్దది చేసి చూపింది. తేనెరంగు రాయిలాంటిదాంట్లో ఒక చీమ. అది రాయి కాదట, చెట్టు బంక. పది కోట్ల ఏళ్ల కిందట, కొంచెం అటూ ఇటూగా, బర్మా దిక్కు అడవిలో చెట్టు బంక కారుతూ కారుతూ దీని మీద పడింది. బంక గట్టిపడింది, చీమ అట్లాగే ఉండిపోయింది. మామూలు చీమల దవడలు పక్కలకు ఆడతాయి. దీనివి కొడవళ్లలా కిందినుంచి పైకి లేస్తాయి. నెత్తి మీద కొమ్ము ఉంది. దవడకూ కొమ్ముకూ నడుమ పురుగును బిగించి పట్టేది. ఆ అవతారం చూసే చదువుకున్నవాళ్లు దానికి నరకం పేరు పెట్టారు. ఇట్లాంటి బంకముక్క ఒకదాంట్లో చీమ నోట్లో బొద్దింక వంశపు పిల్లపురుగు కూడా ఉందట, పట్టింది పట్టినట్టే.

యాదవ్వ అడిగిన మొదటి మాట, మరి తిన్నదా అని. లేదమ్మా, తినేలోపే బంక కప్పేసింది అంది మేడం. ఇప్పుడున్న చీమల్లో వీటి పిల్లల పిల్లలు ఏవి అని రెండో మాట అడిగింది. ఒక్కటీ లేదట. వంశం వంశమే పోయింది, ఎందుకు పోయిందో ఇంకా గట్టిగా ఎవరూ చెప్పలేరట. యాదవ్వ ఆ మాటనే పట్టుకుని కూర్చుంది. పిల్లలు లేని చీమకు పిట్టకు ఎవరు పెట్టి ఉంటారు. తనకు ఎవరు పెడతారు.

నేత మొదలైంది. బొమ్మ కాగితం గళ్లుగళ్లుగా ఉంటుంది, ఒక్కో గడి చూసుకుంటూ కిందినుంచి పైకి నేసుకుపోవాలి. ముందు కాళ్లు వచ్చాయి. ఆరు కాళ్లు ఆరు నల్ల కొమ్మల్లా పసుప్పచ్చ నేల మీద లేచాయి. తర్వాత కడుపు, నడుము. నేసినమేర దూలానికి చుట్టుకుపోతుంటే, కాళ్లు నడిచి కిందికి దిగిపోతున్నట్టు ఉండేది. చీమ మేకపిల్లంత ఉంది. వినోద కుడిదిక్కు, యాదవ్వ నడిమిన. ఎడమ పలక ఖాళీ. అటు ఎందుకు కూర్చోవని వినోద రెండుసార్లు అడిగితే, బొమ్మ కాగితం చూపి గడులు లెక్కపెట్టమంది. పిల్ల నోరు వేరే దిక్కు తిరిగింది.

"పెద్దమ్మా, దీని నడుము జూడు, ఉన్నదా లేదా అన్నట్టున్నది. నేను గిట్ల బక్కగ ఉంటే మా ఆయన ఊరంత దిప్పి సూపెడుతుండె."

యాదవ్వ నవ్వలేదు. వాన పట్టుకుంది. వాన పడితే చీమలు పొడినేల వెతుక్కుంటూ పైకి వస్తాయి. ఎడమ గుంట అంచు మీద రోజూ ఒకటి రెండు కనబడేవి. మీసాలాడించి, గాలి వాసన చూసి, మళ్లీ దిగిపోయేవి. పంజా కొడుతున్నా ఆమె ఒక కన్ను అటే ఉండేది. ఒకరోజు పంజా వేలి మీద పడి గోరు నల్లబడింది.

తల దగ్గరికి వచ్చేసరికి పేచీ మొదలైంది. తల మొత్తం ఎడమ అంచుకే ఉంది. దవడకూ కొమ్ముకూ నడుమ కనబడే పసుప్పచ్చ ఖాళీ తీయాలంటే, నల్లనూలునూ పచ్చనూలునూ వరుస వరుసకూ వేళ్లతో మెలేయాలి. నడిమిన కూర్చుని చెయ్యి చాపితే అది అయ్యే పని కాదు. ఆ గుంటలోకి కాళ్లు దించి కూర్చోవాలి. యాదవ్వ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. బొమ్మ గీసినవాళ్లు పొరపాటు చేస్తే నేసేవాళ్లు దిద్దుకోవడం కొత్తవాడలో ఉన్నదే. కుందేలుకు మూడో చెవి గీస్తే ఆమే తీసేసింది ఒకసారి, వెంకటరాజం పదిమందికి చెప్పుకున్నాడు. ఇదీ అట్లాంటిదేనని తనకు తాను చెప్పుకుంది. చీమకు పైకి లేచే నోరేమిటి, గీత తప్పింది. ఖాళీ ఉండాల్సిన చోట నల్లనూలు నింపేసింది. నోరు మూసుకుపోయింది. మూసుకున్నాక ఆమెకు ఆ పూట అన్నం కొంచెం లోపలికి పోయింది.

రెండు రోజులకు విజయశ్రీ మేడం సదానందంతో కలిసి చూడవచ్చింది. మగ్గం మీదికి ఒంగి చాలాసేపు చూసింది.

"అమ్మా, దీని నోరు ఏదమ్మా?"

"చీమకు గసొంటి నోరుంటదా మేడం. తప్పు గీసిండ్లు. నేను సక్క జేసిన."

మేడం కోప్పడలేదు. అందుకే యాదవ్వకు ఇంకా కష్టమైంది. ఈ చీమకు ఆ నోరే గుర్తు, అది లేకపోతే మీ వాకిట్లో తిరిగే చీమకూ దీనికీ తేడా లేదు, పిల్లలు చూడవచ్చేది ఆ నోటినే అని ఓపికగా చెప్పింది. గడువు పదకొండు రోజులు. తలదాకా ఊడదీసి మళ్లీ నేయాలి. సదానందం బయటికి పోతూ గడపలో ఆగి, వదినె, ఈసారి నా చేతుల లేదు అన్నాడు. ఆ మాటకు అర్థం మగ్గమని ఆమెకు తెలుసు. మగ్గం పోతే ఆ గదిలో రెండు గుంటలు మిగులుతాయి. వాటిలో ఒకదాంట్లో ఆయన.

పేక కోసి, లాగి, నల్లనూలు ముక్కలు కుప్ప పోసేసరికి ఒక రోజు పోయింది. మర్నాడు పొద్దున వినోద కొంగులో ఒక పొట్లం ముడివేసుకుని వచ్చింది. చీమల పొడి.

"పెద్దమ్మా, నువ్వు కుడిదిక్కుండు. నోరు నేను నేత్త. నీకు గీ గుంటల చీమలంటే భయమని నాకెర్కైంది. గీ పొడి జల్లితే మాపటికి ఒక్కటుండదు."

ముడి విప్పుతూ గుంట మీదికి ఒంగింది. యాదవ్వ లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే వినోద గాజు ఒకటి చిట్లింది.

"వద్దు బిడ్డా. అండ్ల మీ పెద్దబాపు ఉన్నడు."

చెప్పాక ఇక ఆపలేకపోయింది. కంటిమూల చీమ, మడిచేసిన విస్తరి, గోడ వెంట దిగిన వరుస, అటక మీది బెల్లం, అన్నీ చెప్పింది. ఏడవలేదు. పొయ్యి మీద పాలు చూస్తూ మాట్లాడేవాళ్లలా గుంటనే చూస్తూ చెప్పింది. వినోద పొట్లం మళ్లీ ముడివేసింది. చిట్లిన గాజు ముక్క ఏరి పక్కన పెట్టింది.

"పెద్దమ్మా, గవి పెద్దబాపు ఉండంగనే ఉన్నయి," అంది. "నేను గా గోడకాడ నేసేటప్పుడు రోజు సూసేదాన్ని. నువ్వు చాయ్ గిలాసలు కడగ పోతివా, బిస్కట్ సగం ఇరిసి గుంటల వేసెటోడు. మనోళ్లు డ్యూటీకి వచ్చిండ్లు, హాజరు బెట్టాలె అనెటోడు. మీ పెద్దమ్మకు చెప్పకు, చీపురు వట్టుకొస్తది అన్నడు."

యాదవ్వ ఆ మాట నమ్మాలో, తన గుండె నిలబెట్టడానికి పిల్ల అల్లిన మాట అనుకోవాలో తెలియక అట్లాగే నిలబడింది. ముప్పై ఒక్క ఏళ్లు జానెడు దూరంలో కూర్చుని ఆ గుంటలోకి తాను ఒక్కసారీ చూడలేదు. అది ఆయన దిక్కు. ఆయనా తన దిక్కు చూసి ఉండడు.

"నువ్వు కుడిదిక్కే కూసో," అంది. "నోరు నేనే నేత్త."

పలక మీద ఎడమకు జరిగింది. కుడికాలు దించబోయి పైకి లాక్కుంది. మళ్లీ దించింది. గుంట లోపల చల్లగా, తడిమట్టి వాసనగా ఉంది. పిక్కల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఏమీ పాకకపోయినా పాకుతున్నట్టే ఉంది. రెండో కాలు దించేటప్పుడు కళ్లు మూసుకుంది. పట్టు కోసం చెయ్యి గుంటగోడను తడిమితే, అక్కడ పంజా పెట్టుకునే చిన్న గూడు తగిలింది. గూట్లో ఏదో గరుకుగా ఉంది. వేళ్లతో బయటికి తీసింది.

బిస్కెట్ ప్యాకెట్ల కాగితాలు. ఒక్కోటి నాలుగు మడతలు, అంచుకు అంచు కలిపి. చాయ్ పొట్లం కాగితమైనా, బస్సు టికెట్టైనా ఆయన అట్లాగే మడిచేవాడు. పదో పన్నెండో ఉన్నాయి. ఒకదాని మడతలోంచి చీమ ఒకటి బయటికి వచ్చి ఆమె బొటనవేలి మీదికి ఎక్కింది.

యాదవ్వ చెయ్యి విదల్చలేదు. విదల్చలేకపోయింది అనాలి, చెయ్యి కొయ్యబారిపోయింది. చీమ నల్లబడిన గోరు దాకా పోయి, అక్కడ ఏమీ లేదని చూసుకుని, తిరిగి కాగితంలోకి దిగింది. ఆమె ఆ కాగితాన్ని మెల్లగా గూట్లో పెట్టేసింది.

పెద్దబాపు కాదు గదా అని వినోద గొణిగింది. ఏమో బిడ్డా అంది యాదవ్వ. ఆయనైతే ఆయనే. కాకపోతే ఆయన పెంచినవి. ఎటైనా పొడి చల్లేది లేదు.

తొమ్మిది రోజులు అక్కడే కూర్చుంది. రోజూ కాళ్లు దించేముందు భయమేసేది, రోజూ దించేది. కొడవలి దవడ గడి గడికీ పైకి లేచింది. కొమ్ము కిందికి వంగింది. నడుమ పసుప్పచ్చ ఖాళీ తెరుచుకుంది, వేలెడంత, జానెడంత. అందులో ఏ పురుగూ లేదు, బొమ్మ గీసినవాళ్లు పెట్టలేదు. పట్టుకోవడానికి నోరు తెరిచి, పట్టుకోకముందే ఆగిపోయింది చీమ. ఆ ఖాళీలో ఆఖరి వరుస వేస్తున్నప్పుడు తన చేతిలోని పేక ఉండ చూసి యాదవ్వ కాసేపు పని ఆపింది. వినోద పంజా కూడా ఆగింది. తర్వాత రెండూ ఒక్కసారే పడ్డాయి.

గడువుకు ఒక రోజు ముందు జంపఖానా కోశారు. కోసేముందు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. నేల మీద పరిస్తే మొదటిసారి చీమ మొత్తం కనబడింది. సదానందం గడపలోనే ఒక అడుగు వెనక్కి వేశాడు. ఏం వదినె, మీదికి వస్తదా ఏంది అన్నాడు. వస్తదేమో, చెప్పులిప్పి రా అంది వినోద. ఆయన నవ్వి, టేపు పెట్టి కొలిచి, నోటి దగ్గర వేలితో తడిమి చూశాడు. సంచిలోంచి కొత్త బొమ్మ కాగితం తీసి పలక మీద పెట్టాడు. మగ్గం మాట ఎత్తలేదు, ఎత్తాల్సిన పనీ లేకపోయింది.

అప్పుడు యాదవ్వ స్టూలెక్కి అటక మీది డబ్బా దించింది. వానలకు బెల్లం కరిగి, నల్లబడి, ముద్దయింది. సదానందం చేతిలో కొంచెం, వినోద చేతిలో పిల్లలకు కూడా సరిపడా పెట్టింది.

"జాతర బంగారం ఎనిమిది నెలలకు పంచుతానవా వదినె?"

"ఆలస్యమైంది మరిది. జర మన్నించి తినుండ్లి."

వాళ్లు పోయాక ఎడమ పలక మీద కూర్చుంది. గోళీకాయంత బెల్లం తీసి గుంటలో, ఆయన కాళ్లు ఆన్చే చోట పెట్టింది. పిట్టకు పెట్టినప్పుడు దూరం జరగాలి. ఈసారి ఆమె జరగలేదు. బయట వాన మొదలైంది. ముందు ఒకటి వచ్చింది. బెల్లం చుట్టూ తిరిగి, ముట్టి, వెనక్కి పోయింది. కాసేపటికి గోడ వెంట వరుస కదిలింది.

యాదవ్వ కాళ్లు రెండూ పైకి లాక్కుని, మోకాళ్లు కావిలించుకుని, ఆ వరుసనే చూస్తూ కూర్చుంది. భయం పోలేదు. మంచంకోళ్ల కింది గిన్నెల్లో మాపటికి మళ్లీ నీళ్లు పోయాలని గుర్తు చేసుకుంది కూడా. కానీ బెల్లం ముద్ద చివరిదాకా కరిగేవరకు అక్కడినుంచి లేవలేదు.